ఇరవై మూడో నంబరు ట్యూబు

2011 జూన్‌లో నన్ను శ్రీరాంపూర్ డిస్పెన్సరీ నుంచి గోదావరిఖని వైపు బొగ్గుగనుల కంపెనీ ఏరియా ఆసుపత్రికి సీనియర్ ల్యాబ్ టెక్నీషియన్‌గా బదిలీ చేశారు. రిటైరయ్యేదాకా అక్కడే పనిచేశాను. పదవిలో నాపైన పాథాలజిస్టు గారు ఉండేవారు. ఆయన వారానికి మూడు రోజులు మంచిర్యాల వైపు ఆసుపత్రికి కూడా వెళ్ళాల్సి రావడం వల్ల మిగతా రోజుల్లో ల్యాబ్ నా చేతి మీదే నడిచేది. నా కింద ఇద్దరు టెక్నీషియన్లు, కొమురయ్య అనే అటెండర్ ఉండేవాళ్ళు.

ప్రతి పరీక్షా రెండుసార్లు చేస్తానని ల్యాబ్‌లో నన్ను వెనకాల "రెండుసార్ల మేడమ్" అనేవాళ్ళు. నాకు తెలుసని వాళ్ళకూ తెలుసు. మా నాన్న గుంటూరు వైపు నుంచి వచ్చి గనిలో సర్వే విభాగంలో పనిచేశారు. కొలత ఒకసారి తీస్తే అది అంచనా, రెండోసారి తీస్తేనే కొలత అని ఆయన ఇంట్లో కూరగాయలు తూచేటప్పుడు కూడా అనేవారు. నాకు ఆ జబ్బు అక్కడి నుంచే అంటింది. ఆ పేరు వింటే లోపల గర్వంగానే ఉండేది. ఇప్పుడు ఆ పేరు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

కంపెనీలో ప్రతి కార్మికుడి కుటుంబానికీ ఒక మెడికల్ బుక్ ఉంటుంది. భార్య, పిల్లలు, తల్లిదండ్రుల పేర్లు, ఫోటోలు, బ్లడ్ గ్రూపు అందులో ఉండాలి. 2012లో బడులు తెరిచాక గని కార్మికులు ఉండే సెంటినరీ కాలనీ పిల్లలందరికీ గ్రూపు చూసి పుస్తకాలు పూర్తి చేయమని ఆర్డరు వచ్చింది. మేము కాలనీ డిస్పెన్సరీలో బల్ల వేసుకుని కూర్చున్నాం. ఆ రోజు నలభై మందికి పైగా పిల్లలు వచ్చారు.

గ్రూపు ఎలా చూస్తారో కొంచెం చెప్పాలి, లేకపోతే నేను చేసిన పని అర్థం కాదు. మామూలుగా గాజు పలక మీద రక్తపు చుక్క వేసి మందు కలిపి, ముద్ద కడుతుందో లేదో చూస్తారు. ముద్ద కట్టడమంటే పాలు విరిగినట్టు కణాలు గుంపులుగా విడిపోవడం. దీన్నిబట్టి ఎ, బి, ఓ తెలుస్తుంది. ఇది సగం పరీక్షే. మిగతా సగాన్ని రివర్స్ గ్రూపింగ్ అంటారు. ఇందులో రోగి కణాలను వదిలేసి, పైన తేరిన సీరం తీసుకుంటారు. మనిషి సీరంలో తనకు లేని గ్రూపు మీద యాంటీబాడీలు, అంటే పరాయి కణాలను పట్టి ముద్ద కట్టించే పదార్థాలు, ఉంటాయి. ఓ గ్రూపు మనిషికి ఎ మీదా, బి మీదా రెండింటి మీదా ఉంటాయి. అతని సీరాన్ని ఎ కణాల్లో కలిపినా, బి కణాల్లో కలిపినా ముద్ద కట్టాలి. పసికందులకు ఈ యాంటీబాడీలు ఉండవు కానీ, రెండు మూడేళ్ళు దాటిన పిల్లలకు ఉండి తీరాలి.

అలాంటి క్యాంపుల్లో రివర్స్ ఎవరూ చేయరు. పలక మీద చూసి రాసేసి లేచిపోతారు. నేను మాత్రం ట్యూబులు పట్టుకెళ్ళాను. దానికి కావలసిన ఎ, బి కణాలను కొనేవాళ్ళం కాదు. ప్రతి సోమవారం మా రక్తమే తీసి తయారు చేసుకునేవాళ్ళం. ఎ గ్రూపు నాది, బి గ్రూపు కొమురయ్యది. ఆ వారం కొమురయ్య మేనకోడలి పెళ్ళికని సెలవులో ఉన్నాడు. అందువల్ల ముందు వారం తీసిన కణాలనే ఫ్రిజ్‌లోంచి తీసి వాడాను.

ఇరవై మూడో నంబరు పేరు వర్షిత్. నాలుగేళ్ళు. తండ్రి రాజేశం గనిలో టింబర్‌మన్, అంటే బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా దిమ్మెలు నిలిపే కార్మికుడు. ఆ రోజు ఆదివారం, గనివాళ్ళ లెక్కలో ప్లేడే, అంటే వారపు సెలవు, అందుకే తండ్రే తీసుకొచ్చాడు. పిల్లవాడి ముక్కు కారుతోంది, ఒక చెవిలో దూది ఉంది. సూది గుచ్చితే ఏడవలేదు. వాడికి సూదులు అలవాటేనని రాజేశం నవ్వుతూ చెప్పాడు.

పలక మీద ఓ పాజిటివ్ వచ్చింది. రివర్స్ ట్యూబులు రెండూ తిప్పి చూశాను. ఎ ట్యూబులో ముద్ద లేదు. బి ట్యూబులో ముద్ద లేదు. మంచినీళ్ళలో కుంకుమ కలిపినట్టు కదులుతోంది. అలా రాకూడదు. నా అలవాటు ప్రకారం మళ్ళీ చేశాను. మళ్ళీ అదే వచ్చింది. అప్పటికి మధ్యాహ్నం దాటింది, బయట తల్లులు పిల్లల్ని ఎత్తుకుని నిలబడి ఉన్నారు, ఆసుపత్రి జీపు డ్రైవరు రెండుసార్లు తొంగి చూసి పోయాడు. నేను పుస్తకంలో ఓ పాజిటివ్ అని రాశాను. మా రిజిస్టర్‌లో ఆ పేరు పక్కన పెన్సిలుతో "రివర్స్ రాలేదు, సెల్స్ పాతవి" అని రాశాను. తరువాత ఇరవై నాలుగో నంబరును పిలిచాను.

గ్రూపు తప్పు కాదు. వాడిది ఓ పాజిటివే.

తరువాత మూడేళ్ళలో వర్షిత్ మా ఆసుపత్రికి ఎన్నిసార్లు వచ్చాడో నాకు లెక్క లేదు. న్యుమోనియాతో పిల్లల వార్డులో చేరడం, వారం పది రోజులు ఉండి పోవడం, మళ్ళీ దగ్గుతో రావడం. చెవిలో చీము, కళ్ళు ఎర్రబడటం, మోకాలు వాచడం. అప్పటి డాక్టర్లు మంచి మందులే ఇచ్చారు, ప్రతిసారీ తగ్గింది కూడా. బొగ్గు దుమ్ము వల్ల ఈ ప్రాంతపు పిల్లలకు దగ్గు మామూలేనని అందరూ అనుకున్నాం. నేనూ అన్నాను. ఆ తల్లి స్వరూప రక్తం గొట్టాలు పట్టుకుని మా కిటికీ దగ్గర నిలబడేది. "మేడమ్, మల్ల జరమొచ్చింది. ఏముందో జర మంచిగ జూడుండ్రి" అనేది. నేను మంచిగానే చూసేదాన్ని. టైఫాయిడ్ కోసం విడాల్ పరీక్ష రాసేవారు. అదీ యాంటీబాడీలను చూసే పరీక్షే. ఈ బొగ్గు ప్రాంతంలో ఎవరి రక్తం పెట్టినా మొదటి ట్యూబులో ఎంతో కొంత మసక వస్తుంది, ఎప్పుడో ఒకప్పుడు ఆ క్రిమి అందరినీ తాకి ఉంటుంది కాబట్టి. వర్షిత్ ట్యూబులు ఎప్పుడు పెట్టినా తేటగా ఉండేవి. నేను "నెగిటివ్" అని రాసి ఇచ్చేదాన్ని. స్వరూప ఆ కాగితం చూసి దండం పెట్టేది, ఏమీ లేదన్నారు కదా అని.

2015 చివర్లో పిల్లల డాక్టరుగా నీరజ గారు వచ్చారు. చిన్న వయసు, తక్కువ మాట. వర్షిత్‌కు అప్పుడు ఏడేళ్ళు, చూస్తే ఐదేళ్ళ పిల్లాడిలా ఉన్నాడు. ఊపిరి ఆడక చేరాడు, రక్తం కూడా తగ్గింది. రక్తం ఎక్కించాలి, దాత రక్తం సరిపడుతుందో చూసే క్రాస్‌మ్యాచ్ చేయమని కాగితం పంపారు. అప్పటికి మా దగ్గరకు కొత్త రకం జెల్ కార్డులు వచ్చాయి. ఒకే కార్డులో మామూలు గ్రూపూ, రివర్సూ రెండూ వచ్చేస్తాయి. వద్దన్నా వస్తాయి. కణాలు కూడా ఇప్పుడు బయట కొన్నవే, సీసా మీద తేదీతో. కొత్తగా చేరిన టెక్నీషియన్ అమ్మాయి కార్డు పట్టుకుని నా దగ్గరకు వచ్చింది. "మేడమ్, గీ కార్డు ఖరాబయిందా? ఓ వచ్చింది గని రివర్స్‌ల ఏం పడలె."

కార్డు వెలుతురులో పెట్టి చూశాను. పేరు చూశాను. ఇంకో ఇద్దరు ఓ గ్రూపు రోగుల రక్తం అదే పెట్టెలోని కార్డుల్లో వేయించాను. ఇద్దరికీ ముద్ద కట్టింది. వర్షిత్‌కు మళ్ళీ వేస్తే మళ్ళీ ఏమీ లేదు.

బీరువాలోంచి 2012 రిజిస్టర్ తీయించాను. ఇరవై మూడో నంబరు పక్కన నా పెన్సిలు రాత చెరగలేదు. అంతకంటే ఘోరమైనది దాని పైనా కిందా ఉంది. ఇరవై రెండో పిల్ల ఓ గ్రూపు, రివర్స్‌లో రెండు ట్యూబులూ ముద్ద కట్టాయని నేనే రాశాను. ఇరవై నాలుగో పిల్లవాడిదీ అంతే. అదే రోజు, అదే సీసా, అవే కణాలు. ముందు పిల్లకు పనిచేసి, వెనక పిల్లవాడికి పనిచేసిన కణాలు మధ్యలో ఒక్కడికి పాతబడిపోయాయని నేను నమ్మాను. పలక మీద చేసి లేచిపోయే టెక్నీషియన్ ఎవరైనా ఆ రోజు నా స్థానంలో ఉంటే వాళ్ళకు ఈ పాపం అంటేది కాదు. నాకు కనిపించింది. రెండుసార్లు కనిపించింది.

కార్డూ రిజిస్టరూ పట్టుకుని వార్డుకు వెళ్ళాను. డాక్టర్ గారు రెండూ చూసి, పిల్లవాడి నోరు తెరిపించి టార్చి వేశారు. టాన్సిల్స్ ఉండాల్సిన చోట ఏమీ లేదు. తరువాత స్వరూపను పక్కకు పిలిచి, నీకు అన్నదమ్ములు ఉన్నారా అని అడిగారు. స్వరూప తన తల్లి వైపు చూసింది. మంచం పక్కన నేల మీద కూర్చున్న ఆ తల్లి ఓదెమ్మ జవాబు చెప్పింది. "ఇద్దరుండిరి బిడ్డా. ఒగడు మూడేండ్లకు పాయె, ఒగడు ఆరేండ్లకు పాయె. గిదే జరం, గిదే దగ్గు, చెవులల్ల చీము. ఆడివిల్ల ఒక్కతే దక్కింది. ఎవలో కన్ను వెట్టిండ్రనుకున్నం." ఆ మాట ఆమె ఎప్పుడో ఏడ్చి ఆరిపోయిన గొంతుతో చెప్పింది. మమ్మల్ని చూడకుండా మనవడి కాలు నిమురుతూనే ఉంది.

పుట్టుకతో వచ్చే ఈ జబ్బు చాలా అరుదైనది. తల్లి మోస్తుంది, ఆమెకు ఏమీ కాదు, కొడుకులకు వస్తుంది. యాంటీబాడీలు తయారుచేసే ఒక రకం తెల్లకణాలు ఎముకల్లోని మజ్జలో పుట్టడం మొదలుపెడతాయి కానీ పెరిగి బయటకు రావు, అందుకే టాన్సిల్స్ కూడా పెరగవు. ఆరేడు నెలల దాకా తల్లి ఇచ్చిన యాంటీబాడీలతో బిడ్డ బాగానే ఉంటాడు. అవి అయిపోయాక వాడి ఒంట్లో కాపలా ఉండదు. హైదరాబాద్‌కు రిఫర్ చేశారు. అక్కడి నుంచి వచ్చిన రిపోర్టులో ఇమ్యునోగ్లోబులిన్లు, అంటే యాంటీబాడీలే, కొలిచిన మూడు రకాలూ దాదాపు లేవు. సీటీ స్కాన్ కాగితం కూడా వచ్చింది. ఊపిరితిత్తుల కింది భాగాలు రెండు వైపులా పాడైపోయాయి, గాలి గొట్టాలు వెడల్పై చీము నిలిచిపోయే స్థితికి వచ్చాయి. ఒక్కో న్యుమోనియా పోతూ పోతూ కొంత తీసుకుపోయింది. జబ్బుకు వైద్యం ఉందని, పోయిన ఊపిరితిత్తులకు లేదని నీరజ గారు నాతో చెప్పారు. మూడేళ్ళ ముందు మొదలుపెట్టి ఉంటే అని నేను అడగబోయాను. ఆమె రిజిస్టర్ వైపు చూసి, దాన్ని తీసుకెళ్ళి లోపల పెట్టమన్నారు.

నేను జరిగింది జరిగినట్టు రాసి మెడికల్ సూపరింటెండెంట్ గారికి ఇచ్చాను. గ్రూపు సరిగానే ఉంది కాబట్టి పొరపాటు లేదని, విషయం ముగిసిందని రెండు వాక్యాల్లో రాసి ఫైల్లో పెట్టారు. ఆయన నన్ను కాపాడానని అనుకున్నారు. నేనూ ఆ నీడలో నిలబడ్డాను, అది నిజం.

వైద్యం అంటే, ఎంతోమంది దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీలను నెలకోసారి సెలైన్‌లా నరంలోకి ఎక్కించడం. అవి నాలుగు వారాల్లో అరిగిపోతాయి, మళ్ళీ ఎక్కించాలి, బతికినంతకాలం. మందు హైదరాబాద్ నుంచి ఐసు పెట్టెలో వచ్చేది. ఎక్కించే రోజు రాజేశం ఫస్ట్ షిఫ్టు మార్చుకుని వచ్చేవాడు. రోగం కనిపెట్టింది నేనేనని వార్డులో ఎవరో వాళ్ళకు చెప్పారు. స్వరూప ప్రతిసారీ సకినాలో గారెలో కట్టుకొచ్చి నా బల్ల మీద పెట్టేది. "మీరే గన్క లేకపోతె మాకు సమజే గాకపోవు మేడమ్" అనేవాడు రాజేశం. ఆ సకినాలు నేను తినలేదు. వద్దనీ అనలేదు. కొమురయ్యకు ఇచ్చేదాన్ని. ఆ ఏడాది ఆసుపత్రిలో మంచి పనికని నాకు శాలువా కప్పారు. మాట్లాడమంటే గొంతు బాగాలేదని తప్పించుకున్నాను.

నాలుగో నెల మందు ఎక్కాక ఒక రోజు వర్షిత్ సూది చేతితోనే ల్యాబ్‌కు వచ్చాడు. వాడి రివర్స్ ట్యూబు పెట్టి ఉంది. మామూలుగా రానంత బలహీనంగా, సన్న ఇసుక రాలినట్టు కొద్దిగా ముద్ద కట్టింది. ఎక్కించిన మందులోవే అవి. వాడికి చూపించాను. వాడు కన్ను దగ్గరగా పెట్టి చూసి, "గివి నాయేనా మేడమ్?" అన్నాడు. కాదు నాన్నా, వేరేవాళ్ళవి అన్నాను. వాడు కాసేపు ఆలోచించి, "మల్ల వాపస్ అడుగుతరా?" అని అడిగాడు. అడగరని చెప్పాను. నేను వాడికి చెప్పిన మాటల్లో ఆ రెండే పూర్తి నిజం.

కొత్త న్యుమోనియాలు తగ్గాయి. కానీ పాత ఊపిరితిత్తుల్లో మందులకు లొంగని క్రిమి స్థిరపడింది. కఫంలోని క్రిమిని పెంచి చూసే కల్చర్ నేనే చేశాను, పచ్చరంగు తేలిన ఆ గాజు పళ్ళేన్ని చూడగానే అది ఏ క్రిమో నాకు తెలిసిపోయింది. 2017 వేసవిలో, తొమ్మిదేళ్ళు నిండకుండానే, పగటిపూట మా వార్డులోనే వర్షిత్ చనిపోయాడు. రాజేశం డ్యూటీలో ఉన్నాడు. గనిలోంచి పైకి రావడానికి పట్టే సమయం పట్టింది. వచ్చేసరికి ముఖం మీద, చేతుల మీద బొగ్గు అలాగే ఉంది. కొడుకు ముఖానికి అంటుతుందని చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డాడు. ఆ దృశ్యం నా కళ్ళముందు నుంచి పోలేదు, పోదు కూడా.

నెల రోజుల తరువాత సెంటినరీ కాలనీలో వాళ్ళ క్వార్టర్‌కు వెళ్ళాను. రిజిస్టర్ పేజీ జిరాక్స్ తీసుకెళ్ళాను. ఎందుకు వెళ్ళావని ఇంట్లో మా వారు అడిగారు. వాళ్ళు ఇంకా నన్ను దేవతలా తలుచుకుంటున్నారని తెలిసి ఉండలేకపోయాను. అది వాళ్ళ కోసం కాదు, నా కోసమేనని ఇప్పుడు అనిపిస్తుంది. స్వరూప టీ పెట్టి తెచ్చింది. ఓదెమ్మ గడప దగ్గర కూర్చుంది. నేను కాగితం తీసి ఇరవై రెండు, ఇరవై మూడు, ఇరవై నాలుగు చూపించి, ఆ రోజు నేను చూసిందేమిటో, రాసిందేమిటో చెప్పాను.

స్వరూప ఒక్కటే అడిగింది. "గప్పుడే దెలిస్తె బతుకుతుండెనా?" బతికే అవకాశం ఎక్కువ ఉండేదని చెప్పాను. ఆమె లేచి లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది.

రాజేశం కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని ఉన్నాడు. టింబర్‌మన్ గనిలో కొత్త చోటికి వెళ్ళగానే పొడుగు కర్రతో పైకప్పును కొట్టి వింటాడు. గట్టి శబ్దం వస్తే పని మొదలుపెడతారు. డొల్ల శబ్దం వస్తే పైన రాయి విడిపోయి ఉన్నట్టు. అతను తల ఎత్తకుండానే అన్నాడు. "మేడమ్, ఇరవయ్యేండ్ల సంది రూఫ్ కొడుతున్న. డొల్ల సప్పుడొస్తె కట్టె ఖరాబున్నదని నేనెన్నడు అనుకోలె. అనుకుంటె నేను గీడ ఉండకపోదును, నా ఎనుకున్నోళ్ళు గూడ ఉండకపోదురు." కోపంగా అనలేదు. కాగితం మడిచి నా చేతికి ఇచ్చాడు. "మీరు పోండ్రి మేడమ్. ఇంక ఇటు రాకుండ్రి."

టీ గ్లాసు అలాగే ఉంది. నేను వచ్చేశాను. మళ్ళీ వాళ్ళింటి వైపు వెళ్ళలేదు. వాళ్ళు నన్ను క్షమించలేదు, క్షమించాల్సిన అవసరం వాళ్ళకు లేదు.

ఆ తరువాత రెండేళ్ళు పనిచేసి రిటైరయ్యాను. ఆ రెండేళ్ళలో ల్యాబ్‌లో ఒక మార్పు చేయించాను. రిజిస్టర్‌లో పరీక్ష ఫలితం గడి పక్కన మేము ఖాళీగా ఉంచుకునే చోటు, పెన్సిలుతో మా అభిప్రాయాలు రాసుకునే చోటు, తీయించేశాను. ఫలితం రాకూడనట్టు వస్తే గ్రూపు ముందే తెలిసిన వేరొకరి రక్తాన్ని అదే కణాలతో పక్కన పెట్టాలి. పక్క ట్యూబు పనిచేసి రోగిది చేయకపోతే ఆ కాగితం ఆ రోజే డాక్టరు చేతికి వెళ్ళాలి. ముద్ద కట్టకపోతే కట్టలేదని రాయాలి. ఎందుకు కట్టలేదో టెక్నీషియన్ రాయకూడదు.